ఆదివారం బస్సుకు బిగించిన డబ్బా

వేసవిలో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఉదయం తెల్లగా ఉంటుంది. ఎండ తెలుపూ కాదు, దుమ్ము తెలుపూ కాదు. రెండూ కలిసి పలచని మజ్జిగ రంగులో రేకుల షెడ్ల మీద పరచుకుని ఉంటుంది. ఆ తెలుపులోంచి ఒక పాత బస్సు మా వర్క్‌షాపు గేటు ముందుకు వచ్చి ఆగింది. నాకు ముందు కనబడింది బస్సు కాదు, అది వదిలిన నల్లటి పొగ. గాలి లేకపోవడంతో ఆ పొగ ఎటూ పోలేదు. బస్సుతో పాటే లోపలికి రావాలన్నట్టు దాని వెనకే నిలబడింది.

పాత డీజిల్ ఇంజిన్లను కొత్త కాలుష్య నిబంధనలకు సరిపోయేలా మార్చడం మా పని. నేను కాకినాడలో మెకానికల్ చదివి, కోవిడ్ తగ్గాక విజిట్ వీసా మీద వచ్చి ఆ వర్క్‌షాపులో కుదురుకున్నాను. జనరేటర్లు, క్రేన్లు, లారీలు, కంప్రెసర్లు వస్తుండేవి. మేం వాటి సైలెన్సర్ తీసేసి, దాని చోట ఒక స్టీలు ఫిల్టర్ బిగిస్తాం. చూడటానికి పెద్ద నూనె డబ్బాలా ఉంటుంది. లోపల తేనెపట్టులాంటి పింగాణీ గదులు. పొగ ఆ గదుల గోడల్లోంచి వడకట్టుకుని బయటికి పోతుంది, మసి లోపల ఆగిపోతుంది. పొగ బాగా వేడిగా ఉంటే ఆ మసి లోపలే కాలిపోతుంది. వేడి లేకపోతే మసి పేరుకుని దారి మూసుకుపోతుంది. నా పనంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది, తక్కినవి కొలతలు.

డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. యాభై దాటిన మనిషి. నెరిసిన మీసం శ్రద్ధగా కత్తిరించుకున్నాడు.

"ఇంజినీరు గారంటే తమరేనాండీ?"

నేనేనన్నాను.

"ఆయ్. మాది రాజోలు అవతలండి. తమరు తెలుగోరని గేటు కాడ చెప్పారు. హమ్మయ్య అనుకున్నానండి. హిందీలో అన్నం అడగ్గలను, అడ్రసు అడగ్గలను గానీ, బండి రోగం చెప్పుకోడం ఇప్పటికీ రాదండి నాకు."

లోపల చూద్దామని నేను మెట్టు మీద కాలు పెట్టబోతే ఆయన నా బూట్ల వైపు చూశాడు. తన చెప్పులు మెట్టు కింద విప్పి పెట్టాడు. అప్పుడు నేనూ నా సేఫ్టీ బూట్లు విప్పేశాను. లేబర్ క్యాంపు బస్సులు చాలా ఎక్కాను, కానీ చెప్పులు విప్పి ఎక్కిన బస్సు అదొక్కటే.

నాకు ఏదైనా అర్థం కావాలంటే వరసగా రాసుకోవాలి. ఆ రోజు రాసుకున్నవి: ఇంజెక్టర్లు అరిగాయి. టర్బో దగ్గర ఆయిల్ కారుతోంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాలి. సైలెన్సర్ పట్టీ తుప్పు పట్టింది. అక్కడితో ఆగాలి. కానీ కళ్లు ఆగలేదు. వెనక వరసలో రెండు సీట్ల మధ్య కట్టిన పూల పరదా. కుట్టుపని చేసిన గలీబుతో ఒక దిండు. బిస్కెట్ డబ్బాలో సూది, దారం. కిటికీ అద్దానికి అంటించిన చర్చి క్యాలెండర్. ఏసీ చల్లగా వీస్తుంటే ఆ పరదా కొంచెం ఊగుతోంది. బయట ప్రపంచమంతా తెల్లగా కరిగిపోయి, ఈ గది ఒక్కటే మిగిలినట్టు అనిపించింది.

"ఇది మా ఇల్లండీ," అన్నాడాయన. "ఆదివారం ఇల్లు."

ఆయన భార్య అజ్మాన్‌లో ఒక విల్లాలో వంట చేస్తుంది. వంటింటి పక్క గదిలో ఉంటుంది. అక్కడికి ఆయన వెళ్లకూడదు. ఆయన సోనాపూర్ క్యాంపులో, మంచం మీద మంచం ఉన్న గదిలో ఉంటాడు. అక్కడికి ఆవిడ రాకూడదు. వారంలో ఆరు రోజులు ఆయన తెల్లవారుజామున కూలీలను సైటుకు తీసుకెళ్లి, సాయంత్రం తిరిగి తెస్తాడు. ఏడో రోజు కంపెనీ వాళ్లే బస్సు తీయమంటారు. క్యాంపు వాళ్లలో కొందరిని షార్జాలో ప్రార్థనకూ, మిగిలినవాళ్లను రోలా బజారుకూ దింపి, చీకటి పడే వేళకు తిరిగి ఎక్కించుకోవాలి. మధ్యలో ఉన్న పగలంతా బస్సు ఖాళీ. ఆవిడ ప్రార్థన అయ్యాక క్యారియర్ పట్టుకుని వచ్చి బస్సెక్కుతుంది. అజ్మాన్ సముద్రం వెనకాల ఇసుక మైదానంలో బస్సు ఆపుకుని, ఏసీ వేసుకుని, పరదా లాక్కుని ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చుంటారు.

"ఇప్పుడేమో సైటోళ్లు, పొగొచ్చే బండి గేటు దాటకూడదంటున్నారండి," అన్నాడు. "ఫిల్టరు ఎట్టించి, పరీక్ష పాసవ్వాలంట. అవకపోతే మా ముదీరు, అదేనండి మేనేజరు, దీన్ని తుక్కుకి అమ్మేసి, నన్ను నీళ్ల ట్యాంకరు ఎక్కిత్తానన్నాడు. ఉద్యోగానికి ఢోకా లేదండి. కానీ ట్యాంకరుకి ఆదివారం ఉండదు. అదీ సంగతి."

"సెలవు ఇంకో రోజుకి మార్పించుకుంటే?"

"ఆవిడకి ఆదివారమే ఇత్తారండి. ముందు శుక్రవారం ఉండేది. మాకు శుక్రవారం పోయి ఆదివారం వచ్చినప్పుడు ఆళ్ల మేడమ్‌ని బతిమాలి మార్పించుకుంది. మళ్లీ అడిగితే బాగోదు కదండీ."

బస్సు మా దగ్గర ఉన్న రోజుల్లో నాకు పని మీద ఏదో మత్తు కమ్మినట్టుండేది. ఇంజెక్టర్లు సరిచేశాం, టర్బో సీలు మార్చాం. డబ్బా బిగించాల్సిన రోజు ఆయన కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మా వెల్డర్‌ది నిజామాబాద్ వైపు. నోరు ఊరుకోదు, చేయి ఆగదు. బస్సు కింద పడుకుని కేకేశాడు.

"సార్, డబ్బా గింత పెద్దగున్నది, ఏడ వెట్టాలె? ఆయ్ కాకా నెత్తి మీద వెడ్దామా?"

"నా నెత్తి మీదెట్టినా పర్లేదురా అబ్బాయ్, గట్టిగా ఎట్టు. స్పీడ్ బ్రేకరు కాడ ఊడిపోతే ఎనకమాల ఏరుకోడానికి నేను రాను."

"మీ గోదారిల పడవన్న మునుగుతది గని నా వెల్డింగ్ ఊడది కాకా."

"మా పడవలు మునగవురా. మీ పక్క నించి వచ్చినోళ్లు ఎక్కితే మునుగుతాయి."

కింద నుంచి నవ్వూ, నీలం మెరుపులూ కలిసి వచ్చాయి. సైలెన్సర్ ఉండే చోట కాకుండా ఇంజిన్‌కు వీలైనంత దగ్గరగా డబ్బాను పెట్టించాను. పొగ చల్లారకుండా గొట్టం పొడవునా వేడికి తట్టుకునే గుడ్డ పట్టీ చుట్టించాను. చంటిపిల్ల చేతికి దెబ్బ తగిలితే కట్టిన కట్టులా ఉందన్నాడు డ్రైవర్. డాష్‌బోర్డు మీద చిన్న దీపం పెట్టాం. మసి ఎక్కువైతే పసుపు, దారి మూసుకుపోతుంటే ఎరుపు.

బస్సు అప్పగించేటప్పుడు నా అలవాటు ప్రకారం జాగ్రత్తలు వరసగా చెప్పాను. ప్రతిదానికీ ఆయన "ఆయ్" అన్నాడు. మంచి డీజిల్ పోయాలి. ఆయ్. చెప్పిన ఆయిలే వాడాలి. ఆయ్. పసుపు దీపం వస్తే నాకు ఫోన్ చేయాలి. ఆయ్. బండి ఆపి ఇంజిన్ ఊరికే నడిపించకూడదు. పొగ వేడెక్కదు, మసి కాలదు, పేరుకుంటుంది.

ఆ ఒక్కదానికి ఆయ్ అనలేదు.

"ఆదివారం కూడానాండీ?"

"ఆదివారం కూడా, బాబాయ్."

"ఆగస్టులో ఏసీ లేకుండా బస్సులో కూకుంటే గుడ్లు పొదగొచ్చండి."

పది నిమిషాలు నడిపి, కాసేపు ఆపి, మళ్లీ నడపమన్నాను. నేను చెప్పింది లెక్క ప్రకారం సరైనదే. కానీ ఆ లెక్కలో మనుషులు కూర్చుని లేరు. ఆయన తలూపి, చెప్పులు విప్పి, బస్సెక్కి వెళ్లాడు. ఈసారి వెనకాల పొగ లేదు. తెల్లని ఎండలో బస్సు కలిసిపోయింది.

నేనుండేదీ అజ్మాన్‌లోనే, సముద్రానికి నాలుగు వీధులు ఇవతల. ఓ ఆదివారం మధ్యాహ్నం దాటాక నడుచుకుంటూ ఆ ఇసుక మైదానం వైపు వెళ్లాను. చూడాలనిపించింది, అంతే. ఆగస్టు ఎండ ఎంత బరువుగా ఉందంటే, నా నీడ కూడా నడవడానికి బద్ధకించినట్టు కాళ్ల దగ్గరే ముడుచుకుంది. మైదానంలో నాలుగైదు బస్సులు అటూ ఇటూ వదిలేసి ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం సన్నగా మోగుతోంది. నిద్రలో పిల్లి చేసే చప్పుడులా, ఎక్కడా ఎగుడు దిగుడు లేకుండా.

ఇంజిన్ నడుస్తోంది. ఎప్పటి నుంచి నడుస్తోందో అడగక్కర్లేదు. ఏసీ నీళ్లు కారి కింద ఇసుకలో చిన్న మడుగు కట్టింది. రెండు పిచ్చుకలు అందులో తడుస్తున్నాయి.

తలుపు తట్టాను. పరదా తొలగింది. ఆవిడ తెల్లచీర కట్టుకుని ఉంది. చేతిలో గరిటె.

"చెప్పులిప్పి రా బాబూ. డబ్బా పెట్టింది నువ్వేగా? ఈయన రోజూ ఫోన్లో చెప్తాడు."

"పిన్నిగారూ, నేను ఊరికే..."

"ఊరికే వచ్చినోళ్లు తినకూడదా? కూచో. మెత్తళ్ల వేపుడుంది. పొద్దున్నే ఈయన చేపల మార్కెట్టుకి వెళ్లి తెచ్చి గేటు కాడ ఇచ్చాడు, మా మేడమ్ లేవకముందే వేయించేశాను. ఇల్లంతా వాసనొచ్చిందని ఆవిడ ఇంకా తిడుతూనే ఉంటుంది."

కూర్చున్నాను. తింటూ ఉండగా డ్రైవర్ సీటు వైపు చూశాను. డాష్‌బోర్డు మీద నేను పెట్టిన దీపానికి ఒక చేతిరుమాలు కప్పి ఉంది. గుడ్డలోంచి పసుపు వెలుగు పడుతోంది.

"అదేంటి బాబాయ్?"

"దీపమండి. ఆవిడ కంట్లో పడతాందని గుడ్డేసింది."

"ఎప్పటి నుంచి వెలుగుతోంది?"

ఆయన ముఖంలో గర్వం కనబడింది. "వారం పైనేనండి. ఒక్కపాలి కూడా ఆరలేదు. డబ్బా భలే పనిచేత్తాందండి."

ఆయన తప్పు నాకు అర్థమైంది. పసుపు వస్తే ఫోన్ చేయమంటే ఆయ్ అన్నాడు గానీ, అది హెచ్చరికని ఆయనకు ఎక్కలేదు. దీపం వెలిగితే లోపలి పని జరుగుతున్నట్టని ఆయన నమ్మకం. ఏసీ దీపం, రేడియో దీపం, వాళ్ల ప్రార్థన గదిలో మైకు దీపం, ఏవైనా అంతే కదా. పని జరగడం లేదని చెప్పడానికి వెలిగే దీపం ఒకటి ఉంటుందని ఆయనకు తోచలేదు. నేను ఇంటికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి తగిలించి చూశాను. డబ్బాలో ఒత్తిడి పెరిగిపోయి ఉంది. ఆదివారాలు ఇంజిన్ ఊరికే నడవడం ఒక కారణం. రెండోది రోజువారీ రికార్డులో కనబడింది. ఆయన బస్సును ఎంత మెత్తగా నడిపాడంటే, పొగ ఎన్నడూ కావలసినంత వేడెక్కలేదు.

"పరీక్ష దాకా పాత ఇంజిన్‌ని నొప్పించకూడదని, పెళ్లికూతుర్ని తీసుకెల్తున్నట్టు తోలానండి," అన్నాడు మెల్లగా.

ఇద్దరికీ విడమరచి చెప్పాను. పరీక్షకు ఇంకా పది రోజులే ఉంది. వర్క్‌షాపుకి తెస్తే డబ్బా ఊడదీసి, కొలిమిలో కాల్చి శుభ్రం చేయవచ్చు. కానీ సైటు గేటు దగ్గర ప్రతినెలా తనిఖీ ఉంటుంది. బస్సు ఇలాగే నిలబడి నడిస్తే మళ్లీ మూసుకుపోతుంది. దానికి ఒకటే మందు. వారానికి ఒకసారైనా గట్టిగా, ఆగకుండా, ఎత్తు ఎక్కేలా దూరం నడపాలి.

"అంటే ఇక్కడ కూచోకూడదు," అంది ఆవిడ.

"కూచోవచ్చు పిన్నిగారూ. బస్సు కదులుతుండాలి."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. ఏసీ గాలికి పరదా అలా ఊగుతూనే ఉంది.

"వారమంతా కాళ్ల మీదే ఉంటాను బాబూ. పొయ్యి కాడ, సింకు కాడ, ఇస్త్రీ బల్ల కాడ. ఈ ఒక్క పూట కదలకుండా ఉండాలని వస్తాను. దీన్ని కూడా పరుగెత్తమంటే ఎలా?"

ఆయన లేచి వెళ్లి ఇంజిన్ ఆపేశాడు. అంతవరకూ వినబడని సముద్రం ఒక్కసారిగా వినబడింది. బస్సులో వేడి మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. ముగ్గురం చూస్తూ ఉండిపోయాం, ఎవరో తెలియని చుట్టం లోపలికి వస్తున్నట్టు.

"ట్యాంకరు కంటే పరుగే నయంలెండి," అంది చివరికి ఆవిడ, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

మర్నాడు ముదీర్‌తో ఫోన్లో మాట్లాడాను. ఆయనది కేరళ. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. సర్వీసు ప్రణాళికలో ఒక కొత్త వరుస చేర్చాలన్నాను. వారానికి ఒకసారి కొండదారి మీద బండి నడపాలి, ఫిల్టర్ ఆరోగ్యం కోసం.

"కిస్ దిన్?" అన్నాడు.

"ఆదివారం, సార్. రోలాలో మనుషుల్ని దింపాక బండి ఎలాగూ ఖాళీ. ఇప్పుడు నిలబెట్టి కాల్చే డీజిలే నడిపి కాలుస్తాడు."

"యే మెయింటెనెన్స్ హై యా పిక్నిక్?"

"ఫిల్టర్‌కి మెయింటెనెన్స్, సార్," అన్నాను.

డ్రైవర్ భార్య సంగతి ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు. ఆ మైదానంలో ఆ బస్సును చూడనివాళ్లు అజ్మాన్‌లో తక్కువే.

"ఓకే. టెస్ట్ పాస్ కరావ్. ఫెయిల్ హువా తో ఖలాస్. గాడీ స్క్రాప్, వో ట్యాంకర్ పే."

తర్వాతి ఆదివారం నేను కూడా బస్సెక్కాను. డబ్బాను ముందే ఊడదీసి కాల్చుదామంటే మా కొలిమిలో వేరే కంపెనీ పని నడుస్తోంది. కనుక మసితోనే బయల్దేరాలి. దారిలో కాలితే సరే. కాలకపోతే ఒత్తిడి ఇంకా పెరిగి ఇంజిన్ ఊపిరాడక ఆగిపోతుంది. అప్పుడు తాడు కట్టి లాక్కురావడమే, పరీక్ష ఆశ అక్కడే పోతుంది. ఈ మాట ఆయనకు ముందే చెప్పాను. ఆవిడకూ ఆయనే చెప్పినట్టున్నాడు. ఎక్కగానే నా వైపు చూసి, క్యారియర్ సీటు కింద పెట్టి, కిటికీ పక్కన కూర్చుంది.

ధైద్ రోడ్డెక్కాం. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. రెండు అంకెలు చూడాలి. పొగ వేడి ఒకటి, డబ్బాలో ఒత్తిడి ఒకటి. మొదటిది పెరగాలి, రెండోది తగ్గాలి. రెండూ పెరుగుతున్నాయి. ఊరి ఇళ్లు పలచబడ్డాయి. ఇసుక తెలుపు మానేసి ఎర్రబడటం మొదలైంది. రోడ్డు మీద దూరంగా నీళ్లు మెరిసి, మేం దగ్గరికి వెళ్లేసరికి ఇంకిపోయి, మళ్లీ దూరంగా మెరుస్తున్నాయి. కంచె అవతల ఒంటెలు ఆ లేని నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నిలబడినట్టు కనబడ్డాయి.

దీపం ఎర్రబడింది.

"బాబూ," అన్నాడు ఆయన.

"ఇంకా తొక్కాలి బాబాయ్. ఒక గేరు తగ్గించి తొక్కండి. ఇంకా వేడి చాలదు."

"అరుత్తాదండి. దీన్ని నేనెప్పుడూ అరిపించలేదండి."

వెనక నుంచి ఆవిడ గొంతు వచ్చింది. "అరవనివ్వండి. పెళ్లయిన కాడ్నించి నేను అరుస్తూనే ఉన్నాను, నేనేమన్నా పాడయ్యానా?"

"నీది వేరే ఇంజిన్లేవే!"

"నాది పాతదే. తొక్కండి మీరు."

ఆయన గేరు తగ్గించాడు. బస్సు గొంతు మారింది. పిల్లి నిద్ర చప్పుడు కాదు అది, పొట్టలోంచి వచ్చే పాత, లోతైన మోత. పరదా ఉంగరాలు గలగలమన్నాయి. క్యారియర్ మూత టకటకా తాళం వేసింది. ధైద్ దాటాక నేల మెల్లగా లేవసాగింది. వేడి అంకె మూడు వందలు దాటింది. ఆపైన ఇంకా ఎక్కింది. ఒత్తిడి మాత్రం పెరగడం ఆగింది. తగ్గలేదు, ఆగింది. ఆ అంకె అలా నిలబడి ఉన్నంతసేపూ మా ముగ్గురి ఊపిరీ నిలబడింది.

ఎదురుగా కొండలు వచ్చాయి. ముందు ఎవరో నీళ్లలో ముంచిన కుంచెతో గీసినట్టు లేత నీలంగా, తర్వాత బూడిద రంగులో, తర్వాత కాలిన ఇటుక రంగులో. ఒకదాని వెనక ఒకటి, మేం వస్తున్నామని తప్పుకుంటున్నట్టు. ఒక్క చెట్టు లేదు. రాయి పొరలు పొరలుగా వంగి, ఎప్పుడో మెత్తగా ఉండి ఇప్పుడు గడ్డకట్టిన అలలా ఉంది. చదువుకున్న రోజుల్లో లోహం వేడికి ఎలా మెత్తబడుతుందో గ్రాఫుల్లో చూశాను. ఇక్కడ ఆ గ్రాఫు గీతలే లేచి నిలబడ్డాయి. లాప్‌టాప్ చూడటం మరిచిపోయానని కాసేపటికి తెలిసింది.

చూశాను. ఒత్తిడి పడిపోతోంది. గిన్నెలో మంచు కరిగినట్టు, చప్పుడు లేకుండా. డబ్బాలో మసి కాలుతోంది. మా కాళ్ల కింద, రెండు రేకుల అవతల, నల్లటిదంతా ఎర్రగా మారి బూడిదవుతోంది. బయటికి రవ్వంత పొగ కూడా లేదు. ఎరుపు పోయి పసుపు వచ్చింది. కొంతసేపటికి పసుపు కూడా పోయింది.

"ఆరింది," అన్నాడాయన. అంత మెల్లగా ఎందుకన్నాడో వెనక్కి తిరిగి చూస్తే తెలిసింది. ఆవిడ దిండు కిటికీకి ఆనించి నిద్రపోతోంది. తెల్లచీర కొంగు ఏసీ గాలికి కొద్దిగా లేస్తోంది. కొండల నీడలు ఒకదాని తర్వాత ఒకటి ఆమె ముఖం మీదుగా జారిపోతున్నాయి.

మసాఫీ వచ్చింది. రోడ్డు పక్కన దుకాణాల్లో తివాచీలు, మట్టి కుండలు, జామ మొక్కలు.

"ఇక్కడ ఆపొచ్చు బాబాయ్. పని అయిపోయింది. టీ తాగుదాం."

ఆయన అద్దంలో చూశాడు.

"ఆపితే లేత్తాదండి."

దుకాణాలు వెనక్కి పోయాయి. ఆయన బస్సును కొండల చుట్టూ తిప్పి, ఎక్కడా బ్రేకు మీద గట్టిగా కాలు వేయకుండా వెనక్కి మళ్లించాడు. రోలాలో మనుషులను ఎక్కించుకునే వేళకు ఆవిడ లేచి, ఎక్కడున్నామని అడిగి, "కొండలేవి?" అంది. దాటేశామని చెబితే ఆయన మీద కోప్పడింది. లేపొచ్చు కదా అంది. మెత్తళ్లు అలాగే ఉండిపోయాయి. క్యాంపుకు తిరిగి వెళ్లే కుర్రాళ్లు వాటిని పంచుకుని తిన్నారు.

పరీక్ష రోజు సైటు గేటు దగ్గర నేనూ ఉన్నాను. తనిఖీ చేసేవాడు గొట్టంలోకి కడ్డీ దూర్చి, ఫుల్లుగా తొక్కమని సైగ చేశాడు. డ్రైవర్ ఈసారి సందేహించలేదు. బస్సు గట్టిగా అరిచింది. తనిఖీ మనిషి యంత్రం చూశాడు. నమ్మకం కుదరక ఒక తెల్ల టిష్యూ తీసి గొట్టం లోపలి అంచు తుడిచి చూసుకున్నాడు. టిష్యూ తెల్లగానే ఉంది. సంతకం పెట్టి, తర్వాతి బండిని రమ్మన్నాడు. అంతే. ఇంత చిన్నగా అయిపోతుందని నేను అనుకోలేదు. డ్రైవర్ కిందికి దిగి, చెప్పులు వేసుకుని, నా రెండు చేతులూ పట్టుకుని, ఏదో చెప్పబోయి, "ఎండగా ఉందండి, నీడలోకి రండి," అన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు నా ఫోను మోగింది. ఆవిడ.

"బాబూ, బస్సులోనే ఉన్నాం. ఇవాళ ఎటు పొమ్మంటావు?"

నేను మంచం మీద లేచి కూర్చుని వరసగా చెప్పడం మొదలుపెట్టాను. మసాఫీ దారి ఒకటి, మీకు తెలిసిందే. ఫుజైరా దాకా పోతే అవతల ఇంకో సముద్రం. హత్తా వైపు ఒకటి, ఎత్తు బాగుంటుంది. "డబ్బాకి ఏదైనా పనికొస్తుంది పిన్నిగారూ. ఎక్కుడు ఉంటే చాలు."

"డబ్బా సంగతి ఎవరడిగారయ్యా? పోయినసారి మొత్తం నిద్రపోయాను. ఎటు వెళ్తే నాకు నిద్ర రాదో అది చెప్పు."

ఆలోచించాను. హత్తాలో కొండల మధ్య ఆకుపచ్చటి నీళ్లున్నాయని, అందులో పడవలు తిరుగుతాయని చెప్పాను.

దూరం నుంచి ఆయన గొంతు వినబడింది. "నీళ్లూ పడవలూ చూడ్డానికి రాజోలు నించి దుబాయ్ రావాలేటండీ?"

"మీరు బండి తోలండి," అంది ఆవిడ. "గేరు తగ్గించి తోలండి. చూసేది నేను కదా."

ఇంజిన్ మోత పెరిగి, మాటలు దానిలో కలిసిపోయాయి. ఆవిడ ఫోను పెట్టేయడం మరిచిపోయింది. కాసేపు అలాగే పట్టుకుని విన్నాను. బస్సు ఎక్కడో మలుపు తిరిగింది, క్యారియర్ మూత మోగింది, ఆవిడ ఏదో చూసి ఆయన్ని పిలిచింది.